కోయి కొలనులో మొసలి మూతి

డూప్లెక్స్ ఇల్లు కట్టుకున్నాయన గుమ్మం పక్కన సిమెంటు కొలను కూడా కట్టించాడు. 6 అడుగుల పొడవు, 4 వెడల్పు, 3 లోతు. అంటే 2000 లీటర్ల పైచిలుకు నీళ్లు. కోయి అనే జపాన్ రంగుచేపల్ని పెంచేవాళ్లు కనీసం 4 అడుగుల లోతు, 4000 లీటర్లు ఉండాలంటారు కానీ, మిగతా జాగా కారుకి పోయింది. కొత్త సిమెంటు సున్నం వదులుతుందని రెండు మూడుసార్లు నీళ్లు నింపి తీసేయడం మాత్రం జరిగింది. మేస్త్రీ పట్టుబట్టాడు కాబట్టి.

నాలుగంగుళాల కోయి పిల్లలు ఆరు వచ్చాయి. తెల్లటి ఒంటి మీద ఎర్ర మచ్చలుండే కోహాకు రకం. పైనుంచి చూస్తేనే దీని అందం. జపాన్‌లోని నీగాటా కొండపల్లెల్లో 19వ శతాబ్దం నుంచీ ఆ వీపు కోసమే ఎంచి ఎంచి పెంచారు. 2018లో ఒక కోహాకు 20.3 కోట్ల యెన్లు పలికింది. ఈ సంగతి తెలిశాక ఇంటాయన రోజూ పొద్దున్నే కాఫీ గ్లాసుతో వచ్చి ఆస్తి లెక్కపెట్టుకునేవాడు.

ఇంతలో బావమరిది దిగాడు. "అన్నీ మరీ అమాయకంగా ఉన్నాయి బావా, ఒక్కటైనా పౌరుషం ఉన్నది ఉండొద్దూ?" అంటూ ఆరంగుళాల ఎలిగేటర్ గార్ పిల్లని, అంటే మొసలి మూతి ఉండే వేటచేప పిల్లని, కవర్లో పట్టుకొచ్చాడు. "చాలా సాధువు, కదలనైనా కదలదు" అన్నాడట కొట్టువాడు. అందులో అబద్ధం లేదు. కదలకుండా కాచుకుని, మూతిని పక్కకి ఒక్క విసురు విసిరి పట్టడమే దాని వేట. పట్టినదాన్ని నమలదు, తలవైపు నుంచి తిప్పుకుని మింగేస్తుంది.

కొన్నాళ్లు అంతా శాంతి. కోయిలు గుళికలు తిన్నాయి, గార్ బావమరిది వేసే చికెన్ ముక్కలు తిని పొడవులో కోయిల్ని మించి అడుగు దాటింది. ఆ తర్వాత కోయి లెక్క ఆరు నుంచి అయిదైంది, అయిదు నుంచి నాలుగైంది. ముందు పిల్లి మీద అనుమానం. తర్వాత లకుముకి పిట్ట మీద, కొంగ మీద. కొలను మీద నైలాన్ వల బిగించారు. వల పైన, దొంగ కింద.

అమెరికాలో టెక్సాస్ ట్రినిటీ నదిలో ఈ గార్ కోసం స్టీలు తీగ కట్టిన గేలాలతో కూర్చుంటారు. ఎరగా ఎక్కువగా వాడేది కార్పు చేప ముక్కలు. కోయి కూడా కార్పే, మన చెరువుల్లోని బంగారు తీగకి రంగుల చుట్టం. అంటే బావమరిది వేటగాడినీ ఎరనీ ఒకే తొట్టిలో వేసి, గేలం ఒక్కటే మర్చిపోయాడు.

అసలు దెబ్బ కరెంటు పోయిన రాత్రి తగిలింది. ఎయిర్ పంపు ఆగింది. నీళ్లలో ఆక్సిజన్ తెల్లవారుజామున మరీ తగ్గుతుంది. మిగిలిన కోయిలు నోళ్లు తెరుచుకుని పైకి తేలాయి. గార్‌కి ఆ బాధ లేదు. పైకొచ్చి గాలి మింగితే దాని గాలితిత్తి ఊపిరితిత్తిలా పనిచేస్తుంది. తెల్లారేసరికి కోయిలు రెండు.

అప్పుడు గాని ఇంటాయన ఫోన్లో వెతకలేదు. 2011లో మిసిసిపిలో వలకి చిక్కిన ఎలిగేటర్ గార్ 8 అడుగుల 5 అంగుళాలు, 148 కిలోలు. కొలను పొడవు 6 అడుగులు!

చేతివలతో తీయబోతే పళ్లమూతి వలలో చిక్కి చేపా వలా ఒకటైపోయాయి. నీళ్లు అడుగు లోతుకి దించి, ప్లాస్టిక్ తొట్టిని అడ్డంగా ముంచి, చేపని మెల్లగా అందులోకి తోలి, వెంటనే మూత పెట్టాలి. మూత మీద బరువు కూడా, ఎందుకంటే ఎగురుతుంది. "చెరువులో వదిలేద్దాం బావా" అన్న సలహా మాత్రం చచ్చినా వినకూడదు. 2023లో శ్రీనగర్ దాల్ సరస్సులో ఈ జాతి చేప బయటపడి అక్కడ పెద్ద కలకలమే అయింది. కొన్న కొట్టుకే తిరిగి ఇవ్వాలి. వాడు తీసుకోనంటే మత్స్యశాఖ వాళ్లని అడగాలి.

"ఇంత గొడవెందుకు, పులుసు పెట్టేస్తే?" అంది ఇంటావిడ. మాంసం తినొచ్చు, గుడ్లు మాత్రం విషం. పొలుసులకి వంటింటి కత్తి చాలదు, రేకులు కోసే కత్తెర కావాలి. బావమరిది కత్తెర కోసం లేచాడు. ఇంటావిడ వంకాయలు తరగడం మొదలుపెట్టింది.