లెవెల్ పెరిగింది, బలం తగ్గింది

వీడియో గేమ్‌లో లెవెల్ పెరిగితే హీరో బలపడాలా, నీరసపడాలా? ఇంత చిన్న విషయం మీద నాకు ఏళ్ల తరబడి కోపం ఉంది.

2006లో వచ్చిన ఆబ్లివియన్ అనే గేమ్ అంటే నాకు ప్రాణం. ఆ అడవులు, ఆ సంగీతం, అన్నీ. దాని లెవెలింగ్ మాత్రం, జీతం పెరిగిన నెలలోనే అద్దె పెంచే ఓనర్ లాంటిది. మొదట్లోనే 7 మేజర్ స్కిల్స్, అంటే మన హీరోకి ముఖ్యమైన విద్యలు, ఎంచుకోవాలి. వాటిలో మొత్తం 10 పాయింట్లు పెరిగాక ఏదో ఒక మంచం చూసుకుని పడుకుంటే లెవెల్ పెరుగుతుంది. నేను తెలివిగా అక్రోబాటిక్స్‌ని, అంటే గెంతే విద్యని, మేజర్‌లో పెట్టుకుని, ఊరి నుంచి ఊరికి కప్పలా గెంతుకుంటూ వెళ్లాను. లెవెల్స్ టకటకా పెరిగాయి. కత్తి విద్య మాత్రం ఎక్కడ వేసిన గొంగళి అక్కడే.

శత్రువులు ఊరుకుంటారా? మన లెవెల్‌తో పాటే వాళ్లూ పెరుగుతారు. ఒక గుహలో గాబ్లిన్ అనే పొట్టి రాక్షసుణ్ణి వెనక్కి నడుస్తూ కొడుతూనే ఉన్నాను. నా కత్తి అరిగిపోయింది కానీ దాని ప్రాణం అరగలేదు. బయటికొస్తే దారిదోపిడీ దొంగ ఒంటి మీద గ్లాస్ ఆర్మర్ అనే ఖరీదైన కవచం! అది అమ్ముకుని వాటర్‌ఫ్రంట్ అనే రేవు పేటలో 2,000 గోల్డ్ పెట్టి గుడిసె కొనుక్కోవచ్చు కదా నాయనా?

ఇక బలం, ఓర్పు లాంటి వాటికి +5 బోనస్ కావాలంటే, ఆ లెవెల్ లోపల వాటికి సంబంధించిన స్కిల్స్ 10 సార్లు పెరగాలి. బ్లేడ్ (కత్తి విద్య) ఎంత, బ్లాక్ (దెబ్బ కాచుకోవడం) ఎంత అని కిరాణా కొట్టు పద్దులా నోట్‌బుక్‌లో రాసుకున్నాను. ఇది ఆటా, అకౌంట్సా? ఈ గోలంతా ఎందుకని మంచం జోలికే పోకుండా తక్కువ లెవెల్లో ఆడేవాళ్లూ ఉన్నారు. 2025లో కొత్త హంగులతో మళ్లీ వచ్చిన రీమాస్టర్‌లో లెవెల్‌కి 12 పాయింట్లు చేతికిచ్చి పంచుకోమన్నారు, పద్దు బాధ తప్పింది. శత్రువులు మాత్రం మనతో పెరుగుతూనే ఉన్నారు. ఎక్కడికైనా ఎప్పుడైనా వెళ్లొచ్చన్న స్వేచ్ఛ కోసమే అంటారు. సరే, ఎక్కడికెళ్లినా ఒకటే అయితే వెళ్లడం దేనికి?

2001 నాటి గోతిక్ అనే ఇంకో గేమ్‌లో లెవెల్‌కి 10 లెర్నింగ్ పాయింట్లు వస్తాయి, గురువు దగ్గరికెళ్లి నేర్చుకోవాలి. నేర్చుకోక ముందు మనవాడు ఒంటిచేతి కత్తిని రెండు చేతులతో, రోకలి పట్టుకున్నట్టు పట్టుకుంటాడు. నేర్చుకున్నాక ఒక్క చేత్తో తిప్పుతాడు. నంబర్ చూడక్కర్లేదు, పట్టు చూస్తే చాలు.

అందులో స్కావెంజర్ అని ఒక పక్షి ఉంటుంది. మొదటి రోజు నన్ను పొడిచి పొడిచి చంపింది. కొన్నాళ్లకు అదే జాతి పక్షి, అంతే బలంతో ఎదురొచ్చింది. రెండు వేట్లు, అంతే. ఇంకోటి ఎక్కడైనా ఉందేమోనని ఆ చుట్టుపక్కలంతా వెతికాను.