దరిద్రమే పురావస్తు శాఖ

దరిద్రం విషయంలో మన ప్రభుత్వాలు మొదటినుంచీ దారి తప్పాయని తెలియజేయడానికి చింతిస్తున్నాను. ఏ పార్టీ గద్దెనెక్కినా దాన్ని నిర్మూలిస్తామనే అంటుంది. సరే, నిర్మూలించారే అనుకుందాం. ఆ తర్వాత మన ఊళ్లు చూడ్డానికి ఎవడొస్తాడు? ఈ ప్రశ్న నాకూ తట్టేది కాదు. ఇటలీలోని టస్కనీలో, సాన్ జిమిన్యానో అనే కొండ మీది ఊరికి నాలుగు కిలోమీటర్ల ఇవతల, ద్రాక్షతోటల మధ్య, ఒక రెండు నక్షత్రాల హోటల్లో నాలుగు రాత్రులు పడుకున్నాకే తట్టింది.

ప్రయాణం నా ఆలోచన కాదు. మా బావమరిది మ్యూనిక్‌లో ఉంటాడు. "బావా, ఫ్లోరెన్స్‌లో గదుల అద్దెలు మండిపోతున్నాయి. పల్లెలో చవగ్గా దొరికింది, ప్రశాంతంగా ఉంటుంది" అన్నాడు. చవక అన్న మాటకు మా ఆవిడ, ప్రశాంతం అన్న మాటకు నేను ఒప్పుకున్నాం. ఆ రెండూ ఒకే వస్తువుకున్న రెండు పేర్లని అక్కడికి వెళ్లాక తెలిసింది.

ముందు ఆ ఊరి కథ చెప్పాలి, లేకపోతే నా సిద్ధాంతం గాల్లో వేలాడుతుంది. రోమ్‌కు నడిచిపోయే యాత్రికుల బాట, వియా ఫ్రాంచీజెనా, ఒకప్పుడు ఈ ఊరి మధ్యనుంచే పోయేది. కొండ చుట్టూ కుంకుమపువ్వు పండేది. 13వ శతాబ్దంలో ఊరి అప్పుల్లో కొంత కుంకుమపువ్వుతోనే తీర్చారంటే ఎంత పండిందో ఊహించుకోండి. ఘాటు సరుకు మీద డబ్బొచ్చిన మనిషి ఏం చేస్తాడు? గుంటూరు మిర్చి యార్డు చుట్టుపక్కల ఎవరినడిగినా చెబుతారు, ఇల్లు కడతాడు. పక్కవాడికన్నా ఒక అంతస్తు ఎక్కువ కడతాడు. సాన్ జిమిన్యానోలో పెద్ద కుటుంబాలన్నీ పోటీలు పడి రాతి బురుజులు లేపాయి. మొత్తం 72 ఉండేవంటారు. వాటిల్లో కాపురం చేయడం మహా కష్టం. చీకటి, ఇరుకు, పైకెక్కాలంటే నిచ్చెనలు. అయినా కట్టారు. మూడో అంతస్తుకు గ్రానైట్ వేయించి, పిల్లలు డాలస్‌లో ఉంటే, తాను మాత్రం కింద వరండాలో పడక్కుర్చీ వేసుకుని కూర్చునే తండ్రులెవరికీ ఇది వింతగా తోచదు.

పోటీ ముదిరేసరికి 1255లో ఊరి పెద్దలు ఒక శాసనం చేశారు. పాలనాధికారి భవనం మీదున్న రోన్యోజా అనే బురుజు 51 మీటర్లు. దాన్ని మించి ఎవరూ కట్టకూడదు. సాల్వూచీ కుటుంబం ఈ చట్టాన్ని తు.చ. తప్పకుండా పాటించిందని చెప్పుకుంటారు. ఎలాగంటే, పరిమితికి లోబడి పక్కపక్కనే రెండు బురుజులు కట్టింది. రెండూ కలిపితే ఎంత ఎత్తో చూసేవాళ్లే కూడుకుంటారు కదా! పాపం, ఆ రోజుల్లో మన బీపీఎస్ పథకం లేదు. ఉంటే ముందు ఒక్కటే ఎత్తుగా కట్టేసి, తర్వాత అపరాధ రుసుం చెల్లించి క్రమబద్ధం చేయించుకునేవారు. చివరికి నగరపాలనే 1311 నాటికి తోర్రె గ్రోస్సా అని 54 మీటర్ల బురుజు తన కోసం లేపుకుంది. చట్టం చేసినవాళ్లకే దాన్ని దాటే హక్కుంటుందన్న సూత్రం మనం కనిపెట్టింది కాదన్నమాట. ఈ సంగతి తెలిసి కొంచెం నొచ్చుకున్నాను.

తర్వాత 1348లో ప్లేగు వచ్చింది. జనం రాలిపోయారు. 1353లో ఊరు ఫ్లోరెన్స్‌కు లొంగిపోయింది. యాత్రికుల బాట కూడా పక్కకు జరిగిపోయింది. చేతిలో చిల్లిగవ్వ మిగల్లేదు.

పాఠకులు ఇక్కడ దయచేసి నిటారుగా కూర్చోవాలి. డబ్బున్న ఫ్లోరెన్స్ తన బురుజులను ఏం చేసింది? 1250లోనే వాటి తలలు నరికించింది. తర్వాత వాటిని కలిపేసుకుని, పడగొట్టి, పెద్ద పెద్ద భవనాలు కట్టుకుంది. సాన్ జిమిన్యానోకు ఆ స్తోమత ఎక్కడిది? పాత ఇల్లు పడగొట్టాలన్నా కూలి కావాలి, కొత్తది లేపాలన్నా రాయి కావాలి. ఊరు ఎక్కడిదక్కడ అలాగే పడి ఉంది. 1990లో యునెస్కో వాళ్లు వచ్చి, మధ్యయుగపు రూపాన్ని చెక్కుచెదరకుండా నిలుపుకున్నందుకు ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కించారు. 72లో 14 బురుజులు మిగిలాయి. అన్ని శతాబ్దాలు వాటికి కాపలా కాసిన ఉద్యోగికి జీతం లేదు, పింఛను లేదు, పలక మీద పేరు కూడా లేదు. ఆ ఉద్యోగి పేరు లేమి.

ఇదే సూత్రాన్ని కోనసీమలో మా అమ్మమ్మగారి వీధికి తెచ్చి చూద్దాం. మా మేనమామకు రొయ్యల చెరువుల మీద నాలుగు డబ్బులొచ్చిన ఏడాదే మండువా లోగిలి టేకు స్తంభాలు లారీ ఎక్కాయి. పక్కింటివాళ్లకు రొయ్యలు అచ్చిరాలేదు, లోగిలి అలాగే ఉండిపోయింది. ఇప్పుడు అందులో పెళ్లికి ముందు ఫొటోలు తీయించుకునే జంటలు క్యూ కడుతున్నాయి, గంటకింత అని అద్దె. మామయ్య తన పాలరాతి హాల్లో ఏసీ వేసుకుని, కిటికీలోంచి ఆ డ్రోన్లు చూస్తూ కూర్చుంటాడు.

కాబట్టి పర్యాటక శాఖకు నా సూచన ఏమిటంటే, ఊరికి నిధులు మంజూరు చేయడం మానేసి, అర్హతగల ఊళ్లను ఎంపిక చేసి, ఒక ఆరు వందల ఏళ్లపాటు క్రమశిక్షణతో పట్టించుకోకుండా ఉండాలి. కొన్ని ఊళ్ల విషయంలో ఈ పథకం ఇప్పటికే అమల్లో ఉందని నాకు తెలుసు. కానీ మధ్యలో ఎన్నికలొచ్చి నిష్ఠ చెడుతోంది.

మా హోటల్ ఈ సిద్ధాంతానికి బతికున్న నమూనా. ఇటలీలో హోటళ్లకు ఒకటినుంచి ఐదు దాకా నక్షత్రాలుంటాయి. ఎన్నున్నాయో గుమ్మం దగ్గర పలక మీద చూపించుకోవాలి. 'డీలక్స్ ఫ్యామిలీ ఏసీ' అని ఎవరి ఇష్టమొచ్చింది వాళ్లు రాసుకునే స్వేచ్ఛ లేదు. మా పలక మీది రెండు నక్షత్రాలూ ఎండకు వెలిసిపోయి, దూరంనుంచి ఒకటిన్నర లాగా కనబడ్డాయి. యజమానురాలు డెబ్భై దాటిన సిన్యోరా, అంటే మన భాషలో అమ్మగారు. లిఫ్టు లేదు. మేం వద్దు వద్దంటుండగానే మా పెద్ద సూట్‌కేసు అందుకుని రెండంతస్తులు ఎక్కేసింది. అందులో ఎనిమిది కిలోలు ఆవకాయ, కందిపొడి, మరమరాలు ఉన్నాయని ఆవిడకు చెప్పలేదు.

పాస్‌పోర్టులు తీసుకుంది. అక్కడ హోటల్లో దిగినవాళ్ల వివరాలన్నీ పోలీసులకు పంపాలి, చట్టం. నా పేరు నాలుగు గదుల ఇల్లు. ముందు గదిలో ఊరు, తర్వాత తాత, తర్వాత వెంకటేశ్వరస్వామి, ఆఖరున నేను. ఆవిడ కళ్లజోడు సర్దుకుని అన్ని గదులూ తిరిగి, చివరికి మా ఊరి పేరుతో నన్ను పిలవడం మొదలెట్టింది. నాలుగు రోజులూ నేను ఒక గ్రామ పంచాయతీగా జీవించాను.

ఇక భాషా సమస్య. మనకు హోటల్ అంటే ఇడ్లీ. పడుకునేది లాడ్జి. ఈ తేడా తెలియని దేశంలో పొద్దున్నే కిందికి దిగి "హోటల్" అనే మాట మీద నమ్మకంతో కూర్చున్నాం. వాళ్లు ఆ మాటలో హకారం కూడా పలకరు, 'ఓటెల్' అంటారు. ఇడ్లీతోపాటు అక్షరం కూడా ఎగరగొట్టారని మా ఆవిడ నిష్ఠూరమాడింది. బల్ల మీద తీపి బన్ను, రస్కులు, జామ్, కాఫీ. కాఫీ మాత్రం అద్భుతం. కానీ అది ఉగ్గుగిన్నెలో పోసినంతే ఉంది. కాఫీ వాసన చూపించడానికి తెచ్చారనుకుని, అసలు కాఫీ కోసం పావుగంట ఎదురుచూశాం.

మధ్యాహ్నం రొట్టె ఇచ్చారు. నోట్లో పెట్టుకుంటే చప్పగా ఉంది. పొరపాటున ఉప్పు మర్చిపోయారనుకున్నాం. పొరపాటు కాదు, సంప్రదాయం. టస్కనీ రొట్టెలో ఉప్పు వేయరు. పీసా వాళ్లు ఉప్పు రాకుండా అడ్డుకున్నారని ఒక కథ, ఉప్పు పన్ను ఎక్కువైందని ఇంకో కథ. ఏ కథైనా కారణం మళ్లీ లేమే, గమనించగలరు. దాంతే మహాకవి 1300లో ఫ్లోరెన్స్ రాయబారిగా ఈ సాన్ జిమిన్యానోకే వచ్చి సభలో మాట్లాడాడు. రెండేళ్లకు ఆయన్ను సొంత ఊరు వెళ్లగొట్టింది. పరాయివాళ్ల రొట్టె ఎంత ఉప్పగా ఉంటుందో నీకు తెలిసొస్తుందని తన కావ్యంలో చెప్పించాడు. దాని లోతు పండితులు వివరిస్తారు. నాకు మాత్రం ఆ చప్పిడి రొట్టె మీద మా ఆవిడ ఆవకాయ రాసిచ్చినప్పుడు అర్థమైంది. ఏడు వందల ఏళ్లుగా ఆ రొట్టె దేనికోసం ఉప్పు మానేసి ఎదురుచూస్తోందో ఆ క్షణాన తేలిపోయింది. సిన్యోరా కూడా ఒక ముక్క తిన్నది. కళ్లు తుడుచుకుని, గ్లాసెడు వెర్నాచ్చా తాగింది. అది ఆ ఊరి తెల్ల ద్రాక్షసారా. పుట్టిన చోటుకూ నాణ్యతకూ పూచీ ఇచ్చే డీఓసీ ముద్రను 1966లో ఇటలీలో మొదట పొందిన ద్రాక్షసారా అదేనని చెప్పి, ఇంకో ముక్క అడిగింది.

స్నానాల గది గురించి రాయకుండా దాటేస్తే చరిత్ర క్షమించదు. యూరప్‌లో చాలామంది కాగితం మీద బతుకుతుంటే, ఇటలీ నీళ్ల పక్షాన నిలబడింది. 1975లో వచ్చిన ఆదేశం ప్రకారం ప్రతి ఇంట్లో కనీసం ఒక స్నానాల గదిలో బిడే, అంటే కూర్చుని కడుక్కునే తొట్టి, ఉండి తీరాలి. రెండు నక్షత్రాల మా గదిలోనూ ఉంది. మా ఆవిడ హైదరాబాద్‌నుంచి మోసుకొచ్చిన ప్లాస్టిక్ మగ్గును గౌరవంగా సూట్‌కేసులోనే విశ్రాంతి తీసుకోనిచ్చాం. బురుజులకే ప్రపంచ వారసత్వ హోదా ఇచ్చి దీన్ని వదిలేయడం యునెస్కో పక్షపాత ధోరణికి నిదర్శనం.

అదే గదిలో షవరు పక్కన పైనుంచి ఒక తాడు వేలాడుతోంది. రెండు నక్షత్రాలవాళ్లు దండెం కట్టివ్వడమే గొప్ప అనుకుని మా ఆవిడ దానికి తడి తువ్వాలు, నా బనీను ఆరేసింది. రెండు నిమిషాల్లో సిన్యోరా, వెనకాలే వంటావిడ, ఆ వెనక నిచ్చెనతో తోటమాలి మెట్లెక్కి పరిగెత్తుకొచ్చారు. స్నానం చేస్తూ ఎవరైనా పడిపోతే సాయం కోసం లాగే తాడట అది. నా బనీను ఆపదలో ఉందని ఊరికంతా తెలిసిపోయింది. నిచ్చెన ఎందుకు తెచ్చాడో తోటమాలి ఇప్పటిదాకా చెప్పలేదు.

రెండో రోజు ఊళ్లోకి వెళ్లాం. కోటగోడ లోపలికి అనుమతి లేని కార్లు పోకూడదు, కెమెరాలుంటాయి. అందుకని మా బావమరిది కారును అంత దూరంలోనే ఆపి, దాన్ని కూడా చూసి రావాలన్నంత బెంగగా వెనక్కి తిరిగి చూస్తూ నడిచాడు. లోపల ఇసుక వేస్తే రాలనంత జనం. చిస్తెర్నా చౌకులో ఊరి పాత బావి, దాని చుట్టూ ఐస్‌క్రీం తింటూ ప్రపంచ దేశాలు. చిత్రమేమిటంటే, బురుజుల ఊళ్లోకి వెళ్లాక బురుజులు కనబడవు. ఎక్కడ చూసినా ఎదుటి గోడే. టిక్కెట్టు కొని తోర్రె గ్రోస్సా ఎక్కితే మిగతావన్నీ కనబడతాయి, కానీ తోర్రె గ్రోస్సా కనబడదు. మెట్లెక్కిన మోకాళ్లకు మాత్రం అదొక్కటే కనబడుతుంది.

ఆ పద్నాలుగు బురుజులూ వరసగా, పొలాల పైన ఎత్తి పట్టుకున్న వేళ్లలాగా కనబడాలంటే మా హోటల్ పెరట్లోకి రావాలి. సరిగ్గా చెప్పాలంటే బట్టలారేసే తీగ దగ్గరికి. సాల్వూచీలు, అర్దింగెల్లీలు ఒకరినొకరు మించాలని ఆస్తులు కరగేసి కట్టినదంతా రెండు నక్షత్రాల దుప్పట్ల మధ్యనుంచి ఉచితంగా అందుతోంది. సాయంత్రం నేను లెక్కపెడితే పన్నెండు వచ్చాయి, మా ఆవిడకు పదిహేను. ఒకటి సైప్రస్ చెట్టని బావమరిది వాదన. భోజనాల గది ఏడున్నరకు గానీ తెరవరు కాబట్టి మళ్లీ లెక్కపెట్టాం.

ఆఖరి రోజు పొద్దున్న బిల్లు కట్టాం. తలకింత అని పర్యాటక పన్ను విడిగా తీసుకుంది. అప్పుడు బల్ల కిందనుంచి ఒక కాగితపు చుట్ట తీసి, చంటిపిల్లను చూపించినట్టు విప్పింది. బ్యాంకు వాళ్లు అప్పిస్తామన్నారట. పాత తలుపులు తీసేసి కొత్తవి, గదిగదికీ ఏసీ, పెరట్లో బట్టల తీగ ఉన్నచోట ఈతకొలను, కిందనుంచి పైదాకా లిఫ్టు. మూడో నక్షత్రం ఖాయమట. పలక ఎక్కడ దిగ్గొట్టాలో కూడా పెన్సిలుతో గీసుకుంది.

నా గుండె ఆగినంత పనైంది. బావమరిది ఫోన్లో అనువాదం తెరిపించి, నా సిద్ధాంతమంతా అక్కడే నిలబెట్టి చెప్పాను. ప్లేగు, ఫ్లోరెన్స్, మా మామయ్య రొయ్యలు, అన్నీ. డబ్బు చేరితే అందం చెడుతుందని, దయచేసి అప్పు తీసుకోవద్దని బతిమాలాను. రొయ్యల దగ్గర ఫోను కాస్త తడబడింది గానీ ఆవిడ ఓపిగ్గా అంతా విన్నది. విని, ఒకే ఒక్క ప్రశ్న అడిగింది. మీ ఇంటికి లిఫ్టు ఉందా?

ఐదో అంతస్తని వేళ్లు చూపించాను. కరెంటు పోతే జనరేటరు కూడా ఉందని మా ఆవిడ పక్కనుంచి అందించింది.

సిన్యోరా తలాడించి, ప్లాను చుట్టి చంకలో పెట్టుకుంది. పైకెళ్లి మా పెద్ద సూట్‌కేసు అందుకుని, ఒక్కో మెట్టు దగ్గర ఆగుతూ కిందికి దిగడం మొదలెట్టింది.