తల తెగాక మొదలయ్యే ఫ్లాష్‌బ్యాక్

బాధ్యత గల పౌరుడిగా ఒక విషయం ప్రభుత్వాల దృష్టికి తేదలచుకున్నాను. మన రాక్షసుల్ని జపాన్ వాళ్ళు ఎత్తుకుపోయారు. ఎత్తుకుపోతే పోయారు, వాళ్ళ జుట్టుకి గులాబీ రంగేసి, కండలు పెంచి, తిరిగి మనకే టికెట్టు పెట్టి చూపిస్తున్నారు. ఈ సంగతి నెల్లూరులో ఒక ఆదివారం పొద్దున ఆటలో, ముందు నుంచి మూడో వరసలో మెడ పైకెత్తి కూర్చుని స్వయంగా కనిపెట్టాను.

నేను వెళ్ళింది సినిమాకి కాదు, కాపలాకి. మా అక్క కొడుకు ఇంటర్ రెండో సంవత్సరం. 'డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ క్యాసిల్' అనే జపాన్ బొమ్మల సినిమా, రాక్షసుల్ని వేటాడే కుర్రాళ్ళ కథ, మన దేశంలో 2025 సెప్టెంబర్ 12న వచ్చింది. ఆ తేదీ వాడికి పరీక్షల తేదీ కంటే బాగా గుర్తుంది. "బొమ్మల సినిమాకి డబ్బులు తగలేసేది ఏందిరా అబ్బయా, చిన్నపిల్లోడివా?" అంది అక్క. వాడు మాట్లాడకుండా లోపలికి పోయి, పచ్చ నలుపు గళ్ళ కోటొకటి తొడుక్కుని వచ్చాడు. హీరో తంజిరో వేసుకునేది అదేనట. మా బావ నెల రోజులుగా వెతుకుతున్న లుంగీ ఆచూకీ ఆ విధంగా తెలిసింది. కుట్టిన టైలరు "ఏ సామికి మొక్కు నాయనా?" అని అడిగి కూలి తగ్గించాడట.

హాలు దగ్గర అలాంటి లుంగీలు ఇంకో పదిహేను కనబడ్డాయి. నెల్లూరు తండ్రులు ఇళ్ళల్లో ఏం కట్టుకుని తిరుగుతున్నారో తలుచుకుంటే బాధేసింది.

నన్ను అన్నిటికంటే కలవరపెట్టింది ఆ సినిమాకి జరగని మర్యాదలు. మన పెద్ద హీరో సినిమా అంటే ముందు రేటు పెంచడానికి జీవో రావాలి, తర్వాత బెనిఫిట్ షో, కటౌటు, దానికి పాలాభిషేకం. ఇక్కడ ఒక్క జీవో లేదు. ఒక్క పాల ప్యాకెట్టు చిరగలేదు. హీరో చూస్తే ఎవరి మనవడూ కాదు. కొండ మీద బొగ్గులు కాల్చి అమ్ముకునే ఇంటి కుర్రాడు. తాత పేరు ఎత్తడు, తొడ కొట్టడు, పైగా తను చంపిన రాక్షసుణ్ణి చూసి జాలిపడతాడు. ఇలాంటివాడికి ఈలలు వేస్తున్న తరం చేతుల్లో రేపు రాష్ట్రం ఏం కావాలి?

తెలుగు డబ్బింగ్ కూడా వచ్చింది. కానీ మావాడు జపనీస్ ఆటకే బుక్ చేశాడు. ఒరిజినల్ వాయిస్‌లో ఉన్న ఫీల్ తెలుగులో రాదట. తెలుగు వాచకం రెండు పేజీలు చదవమంటే తలనొప్పి తెచ్చుకునేవాడు చెప్పిన మాట ఇది. నేను కింద ఇంగ్లిష్ అక్షరాలు కూడబలుక్కుని తలెత్తేసరికి పైన ఎవరిదో చెయ్యి తెగిపోయి ఉండేది. "ఎవరిది రా?" అంటే "ష్, మామా" అనేవాడు. 2 గంటల 35 నిమిషాలు అదే వరస.

కత్తి దూసే ముందు ప్రతివాడూ తను కొట్టబోయే దెబ్బ పేరు, నంబరు గట్టిగా చెబుతాడు. నీటి శ్వాస, ఫలానా రూపం, అని. శత్రువు కూడా మర్యాదగా పూర్తిగా విని అప్పుడు తప్పుకుంటాడు. పిల్లలు దీన్ని జపాన్ వాళ్ళ గొప్పతనం అనుకుంటున్నారు. అయ్యా, మా ఊరి తిక్కన 13వ శతాబ్దంలో మహాభారతం పదిహేను పర్వాలు తెలుగు చేశాడు. కురుక్షేత్రం మొత్తం ఆయన వాటాకే వచ్చింది. అర్జునుడు సమ్మోహనాస్త్రం వేసి కౌరవసేనను పడుకోబెట్టిందీ ఆయన విరాటపర్వంలోనే. పేరు లేని అస్త్రం మేమెప్పుడూ వెయ్యలేదు. పౌరాణిక నాటకంలో అయితే పద్యం పాడి, రాగం తీసి, జనం వన్స్‌మోర్ అంటే మళ్ళీ పాడి అప్పుడు గద ఎత్తేవాళ్ళు. ఈ ఎలివేషన్ల మీద హక్కు ఎవరిదో తేల్చడానికి ఒక కమిటీ వేయాలి.

మధ్యలో జెనిట్సు అనే పిరికి పిల్లాడొస్తాడు. వాళ్ళ గురువు నేర్పే పిడుగు విద్యలో ఆరు పాఠాలు. వీడికి మొదటిది ఒక్కటే వచ్చింది. వీడి సీనియర్‌కి మొదటిది తప్ప మిగతావన్నీ వచ్చు. ఆ సీనియర్ రాక్షసుడైపోయి ఎదురొస్తే, వీడు సిలబస్‌లో లేని ఏడో పాఠం సొంతంగా తయారుచేసుకొచ్చి మెడ నరికాడు. హాలు పైకప్పు లేచిపోయింది. ఒకే చాప్టర్ చదివి పరీక్షకి పోయే పిల్లలంతా సీట్లెక్కి అరుస్తున్నారు, మావాడి లుంగీ చెంగు నా మొహం మీద. పైగా ఈ కథ పుస్తకంగా 2020లోనే అయిపోయిందట. ఎవరు చస్తారో అందరికీ తెలుసు. తెలిసిన కథ కోసం తెల్లవార్లూ కూర్చున్నది మా నాయన తరం. అది నాటకాలతోనే పోయిందనుకున్నాను.

ఇక అసలు నేరం దగ్గరికొస్తాను. అకాజా అని ఒక రాక్షసుడు. వాణ్ణి ఎప్పుడు చంపుతారా అని నేనే ఎదురుచూశాను. ఎట్టకేలకు తల తెగింది. చొక్కా సర్దుకుని లేవబోతుంటే అప్పుడు మొదలైంది ఫ్లాష్‌బ్యాక్! తల లేని మొండెం నిలబడే ఉంది, కథ వెనక్కి పోయింది. వీడు ఒకప్పుడు మనిషే. మంచంపట్టిన తండ్రి మందుల కోసం జేబులు కొట్టాడు. కొడుకు దొంగతనం భరించలేక ఆ తండ్రి ఉరేసుకున్నాడు. తర్వాత ఒక గురువు చేరదీశాడు. ఆయన కూతురు జబ్బుమనిషి. ఈ పిల్లోడు పక్కన కూర్చుని తడిగుడ్డ మారుస్తూ ఆమెను బతికించుకున్నాడు. పెళ్ళి కుదిరింది. ఆ కబురు తండ్రి సమాధికి చెప్పి వచ్చేలోపు, పక్క వ్యాయామశాల వాళ్ళు బావిలో విషం కలిపారు.

నా చేతిలో ఎగ్ పఫ్ సగంలో ఆగిపోయింది. పక్క సీటాయన, ఇంకెవరికో కాపలా వచ్చినట్టున్నాడు, ముక్కు తుడుచుకుని "ఏసీ మరీ ఎక్కువ పెట్టారండీ" అన్నాడు. "అవునండీ, నాకూ జలుబు పట్టింది" అన్నాను.

ఇది ప్రేక్షకుణ్ణి మోసం చేయడం కాదా? మన సినిమాల్లో విలన్‌కి అమ్మానాన్నలుండరు, సుమోలు మాత్రమే ఉంటాయి. తన్నేసి నిశ్చింతగా ఇంటికి పోతాం. వీళ్ళు తల నరికి, ఆ తలకి తండ్రిని తెచ్చి చూపిస్తారు. పైగా మూడు భాగాల్లో ఇది మొదటిదట. ఇంకో రెండు జలుబులు, ఇంకో రెండు లుంగీలు.

రాక్షసుల నాయకుడు ముజాన్‌కి మనుషుల రక్తమంటే ఇష్టం, ఎండ తగిలితే బూడిద. దీనికి వందల ఏళ్ళ పోరాటం ఎందుకో నాకు అర్థం కాలేదు. రోహిణి కార్తెలో ట్రంకు రోడ్డు మీద నిలబెడితే మొదటి సిగ్నల్ దగ్గరే పనైపోయేది. రాత్రిపూట రక్తం తాగుదామన్నా మా ఊళ్ళో ఆ ఉద్యోగం ఖాళీ లేదు.

ఆ రాత్రి వరండాలో కూర్చున్నాను. అక్క వచ్చి "ఎట్టుందిరా బొమ్మల సినిమా?" అంది. చిన్నపిల్లల వ్యవహారం అన్నాను. మోచేతి మీద దోమ వాలింది. కడుపు ఎర్రగా ఉబ్బింది, కదలట్లేదు. అటూ ఇటూ చూశాను. మావాడు లేడు. అరచెయ్యి మెల్లగా ఎత్తి, ఊపిరి గట్టిగా పీల్చి, "నీటి శ్వాస, మొదటి రూపం" అన్నాను.

ఆ రెండో మాట పూర్తయ్యేలోపే లేచిపోయింది.