1997 తీర్పును 1979తో కలిపి చదవాలి

1997 సెప్టెంబరు 18న బ్రిటన్‌లో భాగమైన వేల్స్‌లో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో సొంత అసెంబ్లీకి 6,721 ఓట్ల ఆధిక్యమే దక్కింది కనుక ఆ తీర్పు బలహీనమైనదన్న మీ పత్రికలో వ్యాసకర్త వెలిబుచ్చిన అభిప్రాయంతో నేను ఏకీభవించలేను. 1979లో ఇలాంటి ప్రతిపాదననే ఓటు వేసినవారిలో దాదాపు 80 శాతం తిరస్కరించారు. పద్దెనిమిదేళ్ల తరువాత 50.3 శాతం ఆమోదించారు. ఈ నడుమ బొగ్గు గనులు వరుసగా మూతపడటాన్ని, వేల్స్‌లో మెజారిటీ లేని కన్జర్వేటివ్ పార్టీయే లండన్ నుంచి ఏళ్ల తరబడి పాలించడాన్ని చూసిన అనుభవమే ఈ మార్పుకు ప్రధాన కారణమని నమ్ముతున్నాను. ఆ రాత్రి అన్నిటికంటే చివర వెలువడిన కార్మార్థెన్‌షైర్ జిల్లా ఫలితమే మొగ్గును అసెంబ్లీ వైపు తిప్పింది. రాజధాని కార్డిఫ్ మాత్రం వద్దనే చెప్పింది. వ్యాసంలో ఈ విషయం ప్రస్తావనకు రావలసింది. 2011లో ఆ అసెంబ్లీకి దానికి అప్పగించిన రంగాల్లో పూర్తి శాసనాధికారాలు ఇవ్వాలా అని అడిగినప్పుడు 63.5 శాతం అంగీకరించారు.