పోటీ ఫలం రొక్కం రైతుకే

పురుగుమందుల దుకాణాలు ఒకే వీధిలో అయిదారు ఉన్న మండల కేంద్రాలు పాలమూరులోనూ నల్లగొండలోనూ కనిపిస్తాయి. ఇంత పోటీ ఉన్నచోట ఒకే మందు డబ్బా అందరికీ ఒకే ధరకు దొరకాలి కదా! కాని రొక్కం పెట్టి కొనే పత్తి రైతుకు ఒక ధర, పంట చేతికొచ్చాక కడతానని ఉద్దెర తీసుకునే రైతుకు మరొక ధర.

పోటీ ఈ ధరల వివక్షను రద్దు చేయదు, దాని గురిని మారుస్తుంది. దుకాణం ఒక్కటే ఉంటే వర్తకుడు కొనేవాడు ఎంత భరించగలడో అంచనా వేస్తాడు. అయిదు ఉంటే కొనేవాడు పక్క దుకాణం మెట్లెక్కగలడా అన్నదే చూస్తాడు. ఎక్కగలిగినవాడికి తగ్గింపు, ఎక్కలేనివాడికి పూర్తి ధర. అమెరికా విమాన టికెట్లను పరిశీలించిన ఆర్థికవేత్తలు బోరెన్‌స్టీన్, రోజ్ 1994లోనే, పోటీ ఎక్కువగా ఉన్న మార్గాల్లో ప్రయాణికుల మధ్య ధరల తేడా కూడా ఎక్కువేనని తేల్చారు. 2009లో జెరార్డి, షాపిరో దీనికి విరుద్ధమైన ఫలితాన్ని చూపిన మాట నిజమే. అయితే విమానం ఎక్కేవాడు ఏ కంపెనీకీ పాత బాకీ ఉండడు. మన రైతు ఉంటాడు, ఆ బాకీ అతణ్ణి ఒకే దుకాణానికి కట్టేస్తుంది.

ఉద్దెర ధరలో వడ్డీ, ఎగవేత భయం కలిసి ఉంటాయని వర్తకులు అంటారు. కాదనలేం. కాని ఆ వడ్డీ ఎంతో విడిగా చెప్పనప్పుడు పక్క దుకాణంతో పోల్చుకునేదెలా? పోల్చుకోలేనిచోట పోటీ ఉన్నా లేనట్టే.

చట్టం ఇక్కడ అక్కరకు రాదు. 2002 నాటి పోటీ చట్టంలోని 4వ సెక్షన్ వివక్షతో కూడిన ధరను మార్కెట్‌లో ఆధిపత్యం ఉన్న సంస్థ విషయంలోనే తప్పుపడుతుంది. అయిదు దుకాణాల వీధిలో ఆధిపత్యం ఎవరిదీ కాదు, అయినా తన ఖాతా పుస్తకంలో పేరున్న రైతుల మీద ప్రతి వర్తకుడూ గుత్తాధిపతే.

ఆ పుస్తకంలో ఇరుక్కునేవారిలో కౌలు రైతుల వాటా తక్కువేమీ కాదు. పట్టా లేనందువల్ల బ్యాంకు పంట రుణం వారికి సులభంగా అందదు, 2018లో మొదలైన రైతుబంధు పట్టాదారుకే చేరింది. కౌలుదారుకు రుణ అర్హత కార్డు ఇవ్వాలని 2011లోనే భూ అధీకృత సాగుదారుల చట్టం వచ్చింది. కొత్త దుకాణాలకు లైసెన్సులిచ్చి ధరలు దిగివస్తాయని ఎదురుచూసే ప్రభుత్వం, ముందుగా ఆ కార్డును కౌలుదారు చేతికిస్తే, అతడు కూడా రొక్కం పట్టుకొని ఏ దుకాణానికైనా వెళ్లి ధర అడగగలడు.