ఐకమత్యం ఓనర్లకు మాత్రమే

విశాఖపట్నం ఎంవీపీ కాలనీలోని మా అపార్టుమెంటుకు మొన్న ఆదివారం పెను విపత్తు వచ్చిపడింది. ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు ఆరుగురు కలిసి వచ్చి, నెలకు రెండు రోజులు సెలవు కావాలన్నారు. విడివిడిగా అడిగి ఉంటే విడివిడిగానే కాదనేవాళ్లం. కలిసి రావడంతో అది శాంతిభద్రతల సమస్యయింది.

ఓనర్ల సంఘం వెంటనే అత్యవసర సమావేశం జరిపింది. లిఫ్టు పెట్టకుండా తప్పించుకోబోయిన బిల్డరు మెడలు వంచిన సంఘమిది. అధ్యక్షులవారు, ఒకప్పుడు వేతన సవరణ బకాయిల కోసం ఫ్యాక్టరీ గేటు ముందు బైఠాయించి సాధించుకున్న పెద్దమనిషి, “యూనియన్లే ఈ దేశాన్ని ముంచాయి” అని గద్గద స్వరంతో ప్రారంభించారు. వారానికి ఐదు రోజులే పని ఉండాలన్న బ్యాంకు సంఘాల బ్యాడ్జీని చొక్కాకు పెట్టుకునే వచ్చిన రెండో అంతస్తు అధికారి, “వీళ్లకు మరీ గారాబం ఎక్కువైంది” అన్నారు. చివరకు పక్క మూడు అపార్టుమెంట్ల సంఘాలను కలుపుకుని, ఎవరూ జీతాలు పెంచరాదని, ఒకరు మాన్పించిన మనిషిని మరొకరు పెట్టుకోరాదని ఏకగ్రీవంగా తీర్మానించారు. దీన్ని యూనియన్ అనరట, క్రమశిక్షణ అంటారట.

అంత కష్టముంటే చట్టప్రకారం సంఘం పెట్టుకోవచ్చు కదా అని కార్యదర్శి సెలవిచ్చారు. నిజమే, 1926 నాటి చట్టంలోనూ, 2025లో దాని స్థానంలో అమలుకొచ్చిన కోడ్‌లోనూ ఏడుగురు సంతకాలు పెడితే దరఖాస్తు చేసుకోవచ్చు. ఫ్యాక్టరీలోనైతే పాత చట్టానికి 2001లో చేసిన సవరణ నాటి నుంచి పదో వంతు మందో, వందమందో, ఏది తక్కువైతే అంతమంది తోడుండాలి. ఆ కాగితం మీద మొదటి సంతకం పెట్టినవాడి గేట్‌పాస్ ఏమవుతుందో గాజువాకలో ఏ కాంట్రాక్టు కార్మికుణ్ణి అడిగినా చెబుతాడు. కాంట్రాక్టరు రేపటి నుంచి రావద్దంటాడు, కంపెనీ అతను మా మనిషే కాదంటుంది.

2020 ఆగస్టు 1న హిందుస్థాన్ షిప్‌యార్డులో క్రేన్ కూలి 11 మంది చనిపోయారు. వారిలో ఎక్కువమంది కాంట్రాక్టు సంస్థల మనుషులే. ఆ కుటుంబాల పరిహారం కోసం యాజమాన్యంతో కూర్చుని మాట్లాడినది మీరు ముంచాయంటున్న ఆ యూనియన్లే. ఆ రోజు మీరెక్కడున్నారు? బీచ్ రోడ్డులో నడుస్తూ, జెండాలు పట్టుకున్నవాళ్లంతా సోమరులని తీర్పులిచ్చే మీకు ఆ పదకొండు మందిలో ఒక్కరి పేరైనా తెలుసా?

ఇంతవరకు చెప్పేసరికి అధ్యక్షులవారు గడియారం చూసుకుని, తదుపరి అంశమైన కార్ల పార్కింగు మీదికి వెళ్లారు.