బెత్తెడుకి ఎక్కువ, జానెడుకి తక్కువ

కచేరీ రికార్డ్ చేస్తున్నానని చెప్పగానే "పాడేదెవరు? వయొలిన్ ఎవరు?" అని అడిగేవాళ్లు ఇంకా మన మధ్య ఉన్నారు. వాళ్లమీద నాకు కోపం లేదు, జాలి ఉంది. ఏ రబ్బరు వాడుతున్నారని ఒక్కరూ అడగరు. పాట రెండున్నర గంటల్లో అయిపోయే వ్యవహారం. రబ్బరు ఎంచుకోవడానికి నాకు పద్నాలుగు నెలలు పట్టింది.

తెలియనివాళ్ల కోసం చెప్తాను. మైకుని స్టాండుకి నేరుగా బిగిస్తే, స్టేజీ మీద ఎవరు నడిచినా, ఎవరు తాళం వేస్తూ తొడ బదులు బల్ల చరిచినా, ఆ అదురు స్టాండు గొట్టం గుండా పైకెక్కి మైకులో ధబ్బుమని పడుతుంది. అందుకని మైకుని గట్టిగా పట్టుకోకుండా రబ్బరు తాళ్ల మధ్య వేలాడదీస్తారు. దాని పేరు షాక్ మౌంట్. వెనకటికి వెన్నకుండని పిల్లికి అందకుండా ఉట్టిలో పెట్టినట్టే. కాకపోతే ఉట్టి ఇంట్లో అల్లుకునేవాళ్లు, దీన్ని డాలర్లు పోసి తెప్పించుకోవాలి.

ఏ రబ్బరైతే ఏముందిలే అనుకుంటే పప్పులో కాలేసినట్టే. వేలాడే బరువుకీ రబ్బరు మెత్తదనానికీ పొత్తు కుదరాలి. ప్రతి ఉయ్యాలకీ తనదైన ఊగే వేగం ఒకటుంటుంది. ఆ వేగానికి సుమారు ఒకటిన్నర రెట్లు దాటిన అదురునే షాక్ మౌంట్ ఆపగలదు. సరిగ్గా ఆ వేగం దగ్గరే అదురు తగిలితే ఆపకపోగా ఇంకాస్త పెంచి మరీ మైకుకి అందిస్తుంది. డబ్బిచ్చి కొన్న కాపలావాడే దొంగకి తలుపు తీసినట్టు. మరీ మెత్తటి రబ్బరైతే మైకు వేలాడబడి తల దించుకుంటుంది. పైగా మన ఎండలకి రబ్బరు రెండు మూడేళ్లలో బీటలు తీస్తుంది. ఇంగ్లండులో రైకోట్ అనే కంపెనీ ఈ బాధ పడలేక రబ్బరు మానేసి, మెలికలు తిరిగిన ప్లాస్టిక్ ముక్కల మధ్య మైకుని నిలబెడుతుంది. చూడటానికి చేప ముల్లులా ఉంటుంది, పని మాత్రం శుభ్రంగా చేస్తుంది.

ఇవేవీ అప్పటికి నాకు తెలియవని కాదు. అన్నీ చదివాను. చదివాక, ఫొటోలో అన్నిటికన్నా గంభీరంగా కనిపించినదాన్ని ఆర్డర్ పెట్టాను.

పార్సిల్ వచ్చిన రోజే టెన్షన్ మొదలైంది. మౌంటు కింద రంధ్రం 5/8 అంగుళం, అంగుళానికి 27 మరలు. అది అమెరికా పద్ధతి. నా స్టాండు కొస 3/8 అంగుళం, అంగుళానికి 16 మరలు. అది యూరపు పద్ధతి. ప్రపంచ యుద్ధంలో భుజం కలిపి పోరాడిన దేశాలు ఒక్క బోల్టు దగ్గర రాజీపడలేకపోయాయి. ఈ రెంటికీ సంధి కుదర్చడానికి పెట్టెలో ఇత్తడి బుష్ ఒకటి ఇస్తారు. చింతగింజ కన్నా కాస్త పెద్దది. పెట్టె విప్పిన అయిదో నిమిషంలో అది మంచం కిందకి దొర్లిపోయింది, మళ్లీ కనిపించలేదు.

మౌంటు చేత్తో పట్టుకుని విజయవాడ ఆటోనగర్‌కి వెళ్లాను. లారీ సామాన్ల మధ్య ఒక లేతు షెడ్డులో పెద్దాయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. గ్రీజు అంటిన బొటనవేలితో రబ్బరుని ఒక్కసారి నొక్కి వదిలాడు. అది టంగుమంది.

"ఇందులో ఏం పెడతారు సార్?"

"మైకు."

"ఎంత బరువుంటది?"

"80 గ్రాములు."

"దీన్ని అరకిలో సరుక్కి కట్టారు సార్. ఖాళీ లారీలాగా ఎగురుద్ది. లోడు లేకపోతే కమాన్ కట్టలు పనిచెయ్యవు కదా."

నేను పద్నాలుగు నెలలు చదివిన శాస్త్రాన్ని ఆయన రెండు నిమిషాల్లో తేల్చేశాడు. లోతైన అధ్యయనం లేకపోతే ఇలాగే తొందరపడి నిర్ణయాలకి వస్తారు. బుష్ మాత్రం అరగంటలో చేసిచ్చాడు, దారానికి కట్టి మరీ. నేను ఇంటికొచ్చి మెత్తటి రబ్బరున్న మౌంట్లు రెండు ఆర్డర్ పెట్టాను. రెండెందుకంటే, ఒక్క మైకుతో చేసేది రికార్డింగ్ కాదు. మా నాన్నగారి తరమంతా ఒకే స్పీకరున్న రేడియోలో కచేరీలు విని కళ్లు తుడుచుకుంది. ఏ కన్నీరు ఎడమ ఛానల్‌దో ఏది కుడి ఛానల్‌దో పాపం వాళ్లకి తెలియదు.

స్టీరియో అన్నది 1931లో అలాన్ బ్లమ్‌లైన్ అనే ఇంగ్లిషు ఇంజనీరు పేటెంటుకి పెట్టిన సంగతి. సినిమాలో మనిషి తెరకి ఒక పక్కనుంటే గొంతు ఇంకో పక్కనుంచి రావడం ఆయనకి నచ్చలేదంటారు. సినిమా నచ్చకపోతే మనం ఇంటర్వెల్‌లో లేచొస్తాం, ఆయన పేటెంటు రాశాడు. 1942లో రాడార్ పరీక్షిస్తున్న విమానం కూలి చనిపోయేనాటికి అలాంటివి 128 ఆయన పేరుమీద ఉన్నాయి. ఆయన తర్వాత రెండు మైకుల్ని పక్కపక్కన ఎలా నిలబెట్టాలన్నదాని మీద మతాలు పుట్టాయి.

ఈ మతాల్ని మనవాళ్లకి అర్థమయ్యే భాషలో చెప్పాలంటే, రెండు మైకుల తలలూ ఒకే బిందువు దగ్గర చేర్చి చూపు మాత్రం 90 డిగ్రీలు వేరుచేస్తే అది అద్వైతం, ఎక్స్‌వై అంటారు. రెంటినీ మూరెడో బారెడో దూరం జరిపి, ఎవరి లోకం వారిదన్నట్టు ఉంచితే అది ద్వైతం, ఏబీ అంటారు. ఫ్రెంచి ప్రభుత్వ రేడియోవాళ్లు మధ్యేమార్గం కనిపెట్టారు. మైకుల మధ్య 17 సెంటీమీటర్లు, చూపుల మధ్య 110 డిగ్రీలు. కలిసీ కలవకుండా, విడిపోయీ విడిపోకుండా. ఓఆర్‌టీఎఫ్ అనే ఈ పద్ధతి విశిష్టాద్వైతం కాక మరేమిటి? డచ్చి రేడియోవాళ్లు దీన్ని ఒప్పుకోక 30 సెంటీమీటర్లు, 90 డిగ్రీలు అన్నారు. ఏ మతంలోనైనా శాఖాభేదాలు తప్పవు.

నేను ఫ్రెంచివాళ్ల వైపు. 17 సెంటీమీటర్లంటే బెత్తెడుకి ఎక్కువ, జానెడుకి తక్కువ. ఆ దూరంలో, మొహాలు చెరోవైపు తిప్పుకుని, అయినా ఒకే కడ్డీ మీద కూర్చుని ఉంటాయి మైకులు రెండూ. నలభయ్యేళ్లు కాపురం చేసిన దంపతులు అరుగు మీద కూర్చున్నట్టు. ఆ కడ్డీయే స్టీరియో బార్. దాని మీద సెంటీమీటర్ల గీతలుంటాయి. వాటిని నమ్మకుండా మావాడి జామెట్రీ బాక్సులోంచి స్కేలూ, డీ తీసి కొలిచాను. మావాడికి మర్నాడు లెక్కల పరీక్ష ఉందట. ఇంట్లో ఎవరి ప్రాధాన్యాలు వాళ్లకుంటాయి.

ఇక్కడొక చిక్కుంది, దీన్ని ఏ కేటలాగులోనూ రాయరు. షాక్ మౌంట్ ధర్మం వదులు. బార్ ధర్మం బిగువు. ఒకటేమో మైకుని ఊగనివ్వమంటుంది, ఇంకొకటి వెంట్రుకవాసి కదలకూడదంటుంది. కోణం 110కి పెట్టి, వైరు తగిలించి, చెయ్యి తీసేసరికి వైరు బరువుకి ఒక మైకు పక్కకి వాలి 104 అయింది. వైరు బిగుతుగా ఉంటే అదురు రబ్బరుని వదిలేసి వైరు పట్టుకుని దొడ్డిదారిన ఎక్కుతుంది కూడా. అందుకని ప్రతి వైరునీ మెత్తగా ఒక చుట్టు వదిలి బార్‌కి కట్టాలి. ఆ రాత్రి ఒంటిగంట దాకా కట్టాను, విప్పాను, కట్టాను.

శ్రీరామనవమి వచ్చింది. మా పేట పందిట్లో గాత్ర కచేరీ. సాయంత్రం నాలుగింటికే వెళ్లి స్టేజీకి ఆరడుగుల దూరంలో, ఎనిమిదడుగుల ఎత్తున నా ఉట్లు రెండూ నిలబెట్టాను. ఎవరు ఏ వైపు వినిపించాలో ముందే రాసుకున్నాను. మనకి ఎడమవైపు మృదంగం, కుడివైపు వయొలిన్, మధ్యలో గాయకుడు. మృదంగం మోగే కుడిమూత జనంవైపు ఉండాలని ఏర్పడిన పద్ధతి అది. పళని సుబ్రమణ్య పిళ్ళైగారిలాంటి ఎడమచేతివాటం విద్వాంసుడొస్తే ఈ బొమ్మంతా తిరగబడుతుంది. అందుకని మృదంగం ఆయన కాఫీ తాగుతుంటే ఏ చేత్తో గ్లాసు పట్టుకున్నారో గమనించి ఊపిరి పీల్చుకున్నాను.

ఆరింటికి కార్యదర్శిగారు వచ్చారు.

"మాస్టారూ, ఈ కర్ర అడ్డంగా ఉంది. సీతమ్మవారు కనబడట్లేదు."

17 సెంటీమీటర్ల గురించి చెప్పాను. విన్నారు. విని, "అలాగే, 17 సెంటీమీటర్లూ అలాగే ఉంచుకుని వెనక్కి వెళ్లండి" అన్నారు. అయిదో వరస పక్కన, కూలరు దగ్గర చోటిచ్చారు. గాయకుడికీ నాకూ మధ్య నాలుగు వరసల ప్లాస్టిక్ కుర్చీలు చేరాయి. అటొకటి ఇటొకటి పెట్టిన పెద్ద స్పీకరు పెట్టెలు రెంట్లోనూ ఒకే శబ్దం వస్తోంది, ఎందుకంటే మైకు సెట్టు కుర్రాడి మిక్సరులో ఎడమా కుడీ అన్న పట్టింపు లేదు. నేను అంత శ్రమపడి ఎడమవైపు కూర్చోబెట్టిన మృదంగం రెండువైపులా సమానంగా మోగింది.

"మాస్టారూ, మిక్సర్లోంచి ఓ వైరు లాక్కోండి, క్లీనుగా వస్తుంది" అన్నాడా కుర్రాడు. వయసులో చిన్నవాడు. జవాబు చెప్పలేదు.

కచేరీ బాగానే సాగింది. కాంభోజి ఆలాపన మంచి పట్టులో ఉండగా ముఖ్య అతిథిగారు వేంచేశారు. ఆలాపన ఆగింది. ప్రసంగాలయ్యాయి. కళాకారులకి శాలువాలు కప్పారు, దండలు వేశారు, ఫొటోలు తీశారు, మళ్లీ తీశారు. ఒక శాలువా మిగిలింది. మిగిలిన శాలువాని ఎక్కడ పెట్టాలో తెలియక ఒక కార్యకర్త చుట్టూ చూశాడు. అయిదో వరస పక్కన ఒక నిలువు స్టాండు, దాని తలమీద అడ్డంగా ఒక కడ్డీ, రెండు చివర్లా కొక్కేల్లాంటివి. శాలువా ఆరేయడానికి భగవంతుడు ఇంతకన్నా అనువైన వస్తువుని సృష్టించలేదు.

నేను ఆ సమయానికి స్టేజీ దగ్గర గ్రూప్ ఫొటోలో ఉన్నాను. నన్నెందుకు పిలిచారో తెలియదు. మృదంగం ఒక్కటే మోగే తని ఆవర్తనం మొదలయ్యాక, జనం ఆనవాయితీ ప్రకారం కాఫీలకి లేచాక, ఖాళీ అయిన కుర్చీల మధ్యనుంచి చూస్తే తెలిసింది, నా విశిష్టాద్వైతం జరీ అంచు కప్పుకుని నిలబడి ఉందని.

రికార్డింగ్ ఇంటికొచ్చి విన్నాను. నిష్పక్షపాతంగా చెప్తున్నాను, షాక్ మౌంట్లు అద్భుతం. రెండున్నర గంటల్లో ఒక్కటంటే ఒక్క అడుగు చప్పుడు లేదు. పిల్లలు స్టేజీ చుట్టూ పరిగెత్తారు, కార్యదర్శిగారు స్టాండుకి రెండుసార్లు తగిలారు, ఏదీ లోపలికి రాలేదు. వచ్చిందంతా గాలిలోంచి వచ్చింది. కూలరు వచ్చింది. "హలో, ఆ, కచేరీలో ఉన్నా, చెప్పు" వచ్చింది. జంతికల పొట్లం విప్పిన చప్పుడు ఎడమవైపు మూడో వరసలోంచి ఎంత స్పష్టంగా వచ్చిందంటే, ఎన్ని తిన్నారో లెక్కపెట్టొచ్చు. శాలువా కింద మృదంగం మాత్రం పక్కింట్లో పిండి కొడుతున్నట్టు వచ్చింది. మర్నాడు ఆ విద్వాంసులే ఫోన్ చేసి, తని ఎలా వచ్చిందని అడిగారు. చాలా వెచ్చగా వచ్చిందండీ అన్నాను. అబద్ధం కాదు.

మైకు సెట్టు కుర్రాడు పెన్‌డ్రైవులో తీసింది పేటలో ఇంటింటికీ చేరింది. నాది ఎవరూ అడగలేదు, మా ఆవిడ తప్ప. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కళ్లు మూసుకుని వింటోంది. నలభయ్యో నిమిషం దగ్గర కళ్లు తెరిచింది.

"ఏవండీ, ఒక్కసారి వెనక్కి తిప్పండి."

తిప్పాను.

"కుడివైపు. రెండో వరస. చివరి కుర్చీ. అది మీ అక్కయ్యగారి గొంతే కదూ?"

విన్నాను. కాంభోజి ఆలాపనలో, గాయకుడు గాంధారం దగ్గర ఆగి ఊపిరి తీసుకున్న ఆ ఒక్క క్షణంలో, కుడివైపు రెండో వరసలోంచి, "ఈ పిల్లకి పులిహోర కలపడం ఎప్పటికొస్తుందో" అని, వేలెత్తి చూపించినట్టు వినిపించింది. ఆ రోజు ప్రసాదం పులిహోర మా ఇంటినుంచే వెళ్లింది.

పెన్‌డ్రైవులో ఆ మాట ఉండదు. అద్వైతులకి వినిపించినా ఏ కుర్చీయో అంత ఖచ్చితంగా తేలేది కాదు. ఈ మాటే మా ఆవిడతో అన్నాను. ఆవిడ నా వైపు చూడలేదు. ఫైలు డిలీట్ చేస్తానంటే చెయ్యనివ్వడం లేదు. మూడు చోట్ల కాపీ చేయించి పెట్టుకుంది, ఒకటి వాళ్ల పుట్టింట్లో ఉంది.